మిమ్మల్ని ఎవరైనా పిలిచారా

"నాన్న గడియారం ఎక్కడ దాచావు?"

తలుపు బెత్తెడు మాత్రమే తెరుచుకుంది. ఆ సందులో అడ్డంగా ఇత్తడి గొలుసు, గొలుసు మీదుగా కళ్ళజోడు అద్దం ఒకటి, అద్దం వెనక కన్ను. బయట మూడో అంతస్తు మెట్ల మీద ఆయన ఒక చేత్తో పాల ప్యాకెట్లు, ఇంకో చేత్తో రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్యాకెట్ల మీది చెమ్మ మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారుతోంది.

జవాబు రెండు మాటలే. ఉప్పు జాడీలో. ఆ మాట పడగానే గొలుసు జారుతుంది, తలుపు తెరుచుకుంటుంది, అక్క పక్కకి జరుగుతుంది. ఏడాదిగా ఇదే తంతు. పాలకి వెళ్ళొస్తే అడుగుతుంది. చెత్త కింద పడేసి వస్తే అడుగుతుంది. పేపరు కోసం నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగేసరికి గొలుసు పడి ఉంటుంది, మళ్ళీ అడుగుతుంది. ఈ పొద్దున పేపరుకి ఒకసారి అయింది, చెత్తకి ఒకసారి అయింది. రాత్రి సరిగా నిద్ర లేదు. ఆసుపత్రిలో వేళకి ఉండి తీరాల్సిన రోజు. ఇంట్లోనూ అలాంటి రోజే, కానీ దాని గురించి ఆయన ఇంకా ఆలోచించదలుచుకోలేదు.

"ఎక్కడా దాచలేదు," అన్నాడు. "నేనెవర్నీ కాను, సరేనా? తలుపు తియ్యి."

కన్ను ఆర్పలేదు. అద్దం వెనక నుంచి కాసేపు ఆయన్నే చూసింది.

"మిమ్మల్ని ఎవరైనా పిలిచారా?" అంది అక్క, మర్యాదగా.

తలుపు మూసుకుంది.

ఆ మాట అక్క నోట ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. పరాయివాళ్ళని అడగ్గా విన్నాడు. తనని అడగడం ఇదే మొదలు.

చప్పుడు విని రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, నోట్లో గుండుసూదులతోనే మెట్లెక్కి వచ్చింది. సూదులు తీసి పైటకి గుచ్చుకుంది.

"ఏంటన్నయ్యా, ఇవాళ పరీక్ష తప్పారా?"

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు ఆయన నీరసంగా.

ఆవిడ తలుపుకి మూతి ఆనించి, పెద్ద గొంతుతో, "ఉప్పు జాడీలో అక్కయ్యగారూ," అంది. గొలుసు జారింది. "రా అమ్మా," అంటూ అక్క తలుపు బార్లా తీసింది. టైలరమ్మ వెనకే, ఆవిడ తీసుకొచ్చిన మనిషిలాగా ఆయన తన ఇంట్లోకి తను వెళ్ళాడు.

ఇదీ ఆ రహస్యం సంగతి. ఇప్పుడు ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియని మాట అనే అక్క దాన్ని ఎంచుకుంది. కానీ ఏడాదిపాటు పొద్దునా సాయంత్రం మెట్ల మీద నిలబడి అరిచి చెప్పాక భవనంలో ఎవరికి తెలియకుండా ఉంటుంది. పై వాటా పిల్లలు ఆటల్లో కూడా అదే అరుస్తున్నారు. పోయిన నెల కుళాయి బాగుచేసే అతను వచ్చి, కింద ఎవరో చెబితే, అదే మాట అన్నాడు. అక్క లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, అన్నం పెట్టి, "చిక్కిపోయావురా," అని తల నిమిరింది. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆ పనివాడు కంచం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుని ఉన్నాడు. "వద్దంటే బాధపడతారేమోనని తిన్నాను సార్," అన్నాడు. ఆ రాత్రే ఆయన మేనకోడలికి ఫోను చేశాడు. మేనకోడలు అంటే అక్క కూతురు. కొండలకి అవతల ఊళ్ళో బడిపంతులమ్మ.

"అమ్మని నేను తీసుకెళ్తాను మామయ్యా," అంది ఆ పిల్ల. "పగలంతా ఎవరు చూస్తారు అక్కడ?"

ఆ తీసుకెళ్ళే రోజు ఇవాళ. పడక గదిలో రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. ఇద్దరూ కలిసి పాతికేళ్ళకి పైగా ఉన్న ఇల్లు. భర్త పోయి, చంటిపిల్లతో అక్క వచ్చినప్పుడు ఆయన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నన్ను అడిగినవాళ్ళు లేరు," అని నవ్వేవాడు. తరవాత ఎత్తడం మానేశారు.

బయలుదేరే ముందు బూట్ల కోసం వంగితే తలుపు వెనక పీట కనిపించింది. అక్క కూర్చునే పీట. దాని నాలుగు కాళ్ళకీ పాత గుడ్డతో మేజోళ్ళు కుట్టి తొడిగింది అక్క. పీట గీసుకున్న చప్పుడులో మెట్ల మీది అడుగుల చప్పుడు వినిపించకుండా పోతుందని. ఇప్పుడు దాని మీద కూర్చుని టైలరమ్మతో అంటోంది: "ఆయనెవరో పాపం, కాఫీ ఇచ్చి పంపించు."

అవతల ఆసుపత్రి వేళ మించిపోతోంది. ఆయన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి గుమ్మంలో హాజరు మిషను ఉంది. బొటనవేలు పెడితే, "గుర్తించలేదు, మళ్ళీ ప్రయత్నించండి," అంది. తుడిచి పెట్టాడు. గుర్తించలేదు. చొక్కాకి రుద్ది పెట్టాడు. గుర్తించలేదు. వెనక వరస కట్టిన నర్సులు గొణగడం మొదలుపెట్టారు. చివరికి కాపలా అతను మొహం చూసి, "మన అనుమతిగారేలే," అని పక్క తలుపు తీశాడు.

ఆయన అసలు ఉద్యోగం పేరు పెద్దదే గానీ ఆ భవనంలో దాన్ని ఎవరూ వాడరు. కంప్యూటర్లు చూసుకుంటాడు. అనుమతిగారు అనే పేరు తెర మీద లేచే ఒక పెట్టె వల్ల వచ్చింది. పని మధ్యలో ఉన్నట్టుండి తెర అంతా మసకబారుతుంది. నడుమ ఒక పెట్టె లేస్తుంది: "ఈ అనువర్తనము మీ పరికరములో మార్పులు చేయుటకు అనుమతింతురా?" కింద అవును, కాదు. కొన్ని పెట్టెలకి అవును అంటే సరిపోతుంది. కొన్ని పాస్‌వర్డ్ అడుగుతాయి, అది ఆయన వేళ్ళకి మాత్రమే తెలుసు. అందుకని ఎక్కడ తెర మసకబారినా ఆయనకి పిలుపు. ఎక్స్‌రే గది నుంచి మందుల కౌంటరుకి, అక్కడి నుంచి రక్తపరీక్షలకి, కాళ్ళు అరిగేలా ఎక్కడం, దిగడం, వంగి నాలుగు అక్షరాలు కొట్టడం, మళ్ళీ ఎక్కడం. చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా ఆయన బిల్లుల గదిలో ప్రింటరుకి అనుమతి ఇస్తున్నాడు. అది వదిలి వెళ్ళేసరికి ఆమె కళ్ళు మూసి ఉన్నాయి.

నిజానికి ఆ పెట్టెలని ఎవరూ చదవరు. రిజిస్ట్రేషను కౌంటరులో మైకమ్మ ఉంది. ఆమె గొంతు అలాంటిది, మైకు అక్కర్లేదు, అందుకే ఆ పేరు. రోగి పేరు అడుగుతూ, వయసు రాస్తూ, పక్కావిడతో కూర ధర మాట్లాడుతూ, మధ్యలో లేచిన పెట్టె నెత్తి మీద అవును అని ఒక్క పోటు పొడుస్తుంది, ఈగని కొట్టినట్టు. చూపు కూడా అటు తిప్పదు.

"ఏం అడిగిందో చూశారా?" అన్నాడు ఆయన ఒకసారి.

"ఏదైతేనేం అండీ. నా పెళ్ళప్పుడు కూడా ఇష్టమేనా అని నన్నెవరూ ఒక్కసారి అడగలేదు. ఇదేమో పొద్దస్తమానం అడుగుతుంది. అవునంటే పోతుంది, కాదంటే ఇంకో పెట్టె వస్తుంది. నాకేం పిచ్చా కాదనడానికి?"

అప్పుడే ఆయనకి అక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ ఇంట్లో ఊరివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. బట్టలు ఇచ్చేవాళ్ళు, పట్టుకెళ్ళేవాళ్ళు, తలుపు దగ్గర ఎప్పుడూ మనుషులే. తలుపు కాపలా అక్కది. అడుగుల చప్పుడు విని తల ఎత్తకుండానే, "రండి మామ్మా," అనేది, "మీ చొక్కాలు అయ్యాయి బాబాయ్," అనేది. తెలిసినవాళ్ళని ఒక్కరిని కూడా ఎవరని అడిగేది కాదు. తెలియని అడుగు వినిపిస్తే మాత్రం లేచి గుమ్మానికి అడ్డం నిలబడి, మర్యాదగా, "మిమ్మల్ని ఎవరైనా పిలిచారా?" అనేది. ఆ ఒక్క మాటకి ఇంట్లో అందరూ చేతిలో పని ఆపి చూసేవారు. రోజూ అందరినీ అడిగి ఉంటే ఎవరు చూస్తారు?

ఆయన తన పై అధికారిణికి ఇదే చెప్పాడు. కంప్యూటర్ల భద్రత ఆమె బాధ్యత. వయసులో చిన్నది, మాటలో గట్టిది. రోజూ వచ్చే తెలిసిన ప్రోగ్రాములని అడగకుండా రానిద్దాం, కొత్తది వస్తే మాత్రమే పెట్టె లేవాలి, అందులో మాట కూడా మనుషులు మాట్లాడుకునేలా ఉండాలి అన్నాడు. మాట ఎలా ఉండాలో కూడా రాసి ఇచ్చాడు: "కొత్తది ఒకటి లోపలికి వస్తానంటోంది. దీన్ని మీరు పిలిచారా?" కింద రెండు బొత్తాలు, పిలిచాను, పిలవలేదు. కమిటీలో ఒకాయన, ఇది ఆఫీసు భాష కాదన్నాడు. ఇంకొకాయన నవ్వాడు. ఆ కాగితం ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదకి తిరిగి తిరిగి, చివరికి ఈ నెలలో ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"అన్ని కౌంటర్లకీ మార్చాక, అక్కడివాళ్ళకి చెప్పకుండా ఒక ఉత్తుత్తి ప్రోగ్రాము పంపిస్తాను. మనవాళ్ళు దాన్ని కూడా చదవకుండా పిలిచాను అని నొక్కితే పాత పద్ధతే. మీరూ నేనూ మళ్ళీ దీని గురించి మాట్లాడుకోం."

"అలాగే మేడమ్," అన్నాడు ఆయన.

ఆ మార్చడం ఇవాళ పూర్తి కావాలి. ఉత్తుత్తి ప్రోగ్రాము వచ్చేదీ ఇవాళే. సెలవు మాట ఎత్తడానికి వీల్లేకపోయింది.

పొద్దుటి నుంచీ ఒక్కో గదికీ వెళ్ళి, ఒక్కో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇక ఊరికే అడగవద్దని దానికి చెప్పబోతే తెర మసకబారి పెట్టె లేచింది: ఈ మార్పునకు అనుమతింతురా? అవును. మీరు నిశ్చయముగా కోరుచున్నారా? అవును. పాస్‌వర్డ్. కొట్టాడు. పునఃప్రారంభించవలెనా? అవును. ఆగి, కన్ను తెరిచి, మళ్ళీ మొదటి నుంచి నువ్వెవరని అడిగింది. మందుల కౌంటరు దగ్గర ఒకటి ఆయన్ని నాలుగుసార్లు అడిగి, అయిదోసారి తప్పు పాస్‌వర్డ్ అని తలుపు వేసేసుకుంది. వేళ్ళు అవే, అక్షరాలు అవే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆ తెర వంక చూశాడు. పొద్దున ఇంకో మొహం కూడా ఇలాగే చూసింది తనని. పళ్ళు కొరుక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఎక్స్‌రే గదిలో పెద్దాయన, సీసపు కోటు భుజాన వేసుకుని, పని అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.

"అయితే ఇక మీరు రారన్నమాట," అన్నాడు.

"పనుంటే వస్తాను."

"పని లేకుండా చేస్తున్నారుగా మరి."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి పక్క గదికి నడిచాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మేనకోడలి ఫోను. ఎత్తేలోపు ఆగిపోయింది, తిరిగి చేయబోతే అది కూడా వేలిముద్ర అడిగింది.

"మామయ్యా, వచ్చేశాం. టైలరమ్మగారు తలుపు తీశారు. అమ్మ బాగానే ఉంది, నన్ను పట్టుకుని మా పంతులమ్మవా అంటోంది. నాలుగింటికి బయలుదేరదామంటున్నారు ఈయన. చీకటి పడితే కొండదారిలో ఈయనకి కళ్ళు ఆనవు. మీరు వచ్చేస్తారుగా?"

"వస్తాను. నేను వచ్చేదాకా కదలకండి."

"అలా అంటే ఎలా మామయ్యా, వేళకి రండి మరి."

ఆయనకి కావలసింది పెద్దదేమీ కాదు. ఇంకొక్కసారి ఆ తలుపు బయట నిలబడాలి. ఆమె అడగాలి. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పి లోపలికి వెళ్ళాలి. ఏడాదిపాటు రోజూ విసుక్కుంటూనైనా సరిగ్గా చెప్పాడు. చివరి రోజున చెప్పింది మాత్రం, నేనెవర్నీ కాను. ఆ జవాబు చివరిది కాకూడదు. మధ్యాహ్నమంతా ఆయన గడియారం చూస్తూనే ఉన్నాడు. రిజిస్ట్రేషను, బిల్లులు, రక్తపరీక్షలు అయ్యాయి. మూడు దాటింది. ఇక మేడమ్‌కి చెప్పేసి బయలుదేరదామని సంచీ భుజాన వేసుకున్నాడు.

బల్ల మీది ఫోను మోగింది.

"అనుమతిగారూ," మైకమ్మ గొంతు. ఫోను అక్కర్లేదు, మెట్ల మీద నుంచే వినిపిస్తోంది. "ఇక్కడ ఎవరో కొత్తది లోపలికి వస్తానంటోంది. పిలిచారా అని అడుగుతోంది. నేనేం పిలవలేదే. మా పక్కావిడ కూడా పిలవలేదట. ఏం చెయ్యమంటారు?"

ఆయన సంచీ జారి మోచేతి మీదకి వచ్చింది. "చదివారా?"

"చదవకపోతే ఎలా చెప్తున్నానండీ. పొద్దుటి నుంచి ఒక్కటి రాలేదు, ఇదేదో వచ్చేసరికి గుండె ఝల్లుమంది."

"పిలవలేదుగా? పిలవలేదని నొక్కండి."

"నొక్కితే ఏడవదు కదా?"

"ఏడవదు."

మరో గది నుంచి ఫోను. తరవాత మందుల కౌంటరు. ఎక్స్‌రే పెద్దాయన అయితే ఫోను చేయకుండా కోటుతో సహా మెట్లు దిగి వచ్చి, "ఇదిగో, నేను పిలవనిది ఒకటి వచ్చింది, వచ్చి చూడండి," అన్నాడు, కొంచెం సంతోషంగా.

మేడమ్ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్కరు కూడా పిలిచాను అని నొక్కలేదు," అంది. మొహంలో పెద్ద మార్పేమీ లేదు గానీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను నొక్కుతారనే అనుకున్నాను. ఒక సంతకం పెట్టి వెళ్ళండి. తెర మీదే."

"రేపు పెడతాను మేడమ్. ఇవాళ మా అక్క..."

"ఇవాళ పెట్టకపోతే రాత్రికి అన్నీ వాటంతటవే పాత పద్ధతికి పోతాయి. నేను ఆపలేను. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషం సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. సంతకాల పేజీ ఆయన్ని గుర్తుపట్టలేదు. పాస్‌వర్డ్ పాతబడిందంది. కొత్తది పెడితే చాలా సులువుగా ఉందంది. కష్టమైనది పెడితే రెండోసారి అలాగే కొట్టమంది. ఫోనుకి అంకెలు పంపించానంది, అవి వచ్చి చదివేలోపు గడువు అయిపోయిందంది. బొమ్మల్లో సైకిళ్ళు ఎక్కడున్నాయో చూపించి మనిషివని రుజువు చేసుకోమంది. ఆయన సైకిళ్ళు చూపించాడు. ఒక బొమ్మలో చక్రం అంచు మాత్రమే ఉంది, దాన్ని వదిలేశాడు. మళ్ళీ మొదటి నుంచి.

"ఇది నా శాఖ కాదు," అంది మేడమ్ మెల్లగా, ఆయన వెనక నిలబడి. "దీని గురించి కూడా వచ్చే నెల మాట్లాడదాం."

సంతకం పడేసరికి కిటికీ బయట ఎండ ఎదురు భవనం పై అంతస్తుకి ఎక్కేసింది.

బస్సులో నిలబడ్డంతసేపూ ఆయన లోపల్లోపల అదే అనుకుంటూ వచ్చాడు. ఉప్పు జాడీలో. ఉప్పు జాడీలో. నాన్న దూరాలకి సరుకు లారీ తోలేవాడు. చేతి గడియారం లేకుండా బండి ఎక్కేవాడు కాదు. ఒక పొద్దున అది కనిపించలేదు. ఇల్లంతా తలకిందులు చేశాడు. వేళ మించిపోయి ఆ రోజుకి ప్రయాణం ఆగిపోయింది. ఆ ఒక్కరోజు నాన్న గుమ్మంలో కూర్చుని ఇద్దరికీ గోళ్ళు తీశాడు, చెప్పుల ఉంగటాలు బాగుచేశాడు, నిద్రపోయాడు. సాయంత్రం వంటకి ఉప్పు తీయబోయిన అమ్మ చేతికి గడియారం తగిలింది. అప్పటికే ఆగిపోయింది. "నేనే దాచాను," అంది అక్క, ఎవరూ అడగకముందే. దెబ్బలు కూడా తనే తింది. మర్నాడు నాన్న వెళ్ళాడు. ఆ తరవాత ఇంకెన్నో ప్రయాణాలు వెళ్ళాడు, వచ్చాడు. ఒకదాని నుంచి మాత్రం రాలేదు. ఏ రోజు వెళ్ళాడో ఇంట్లో అందరికీ గుర్తుంది. ఎప్పుడు రాకుండా పోయాడో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

సందు మలుపు తిరుగుతుంటే వెళ్ళిపోయి ఉంటారనే అనుకున్నాడు. కారు ఉంది. వెనక పెట్టె మూత తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు. మేనకోడలి భర్త కారుకి ఆనుకుని ఆకాశం వంక చూస్తున్నాడు.

"వచ్చారా," అన్నాడు ఆ అల్లుడు. "నేను కారు తీసుకురావడానికి కిందికి దిగానండీ. అంతే, గొలుసు వేసేసుకున్నారు. తమ్ముడు రాకుండా ఎవరినీ కదలనివ్వనంటున్నారు. పెట్టెలు, మనుషులు అన్నీ లోపలే."

"ఉప్పు జాడీ..."

"చెప్పాను. టైలరమ్మగారు చెప్పారు. పై వాటా పిల్లలు కూడా వచ్చి చెప్పారు. అందరూ అదే అంటున్నారు, వెళ్ళండి, అన్నారు."

ఆయన మెట్లు ఎక్కాడు. పొద్దుటి నుంచి ఎక్కిన మెట్లన్నీ మోకాళ్ళలో ఉన్నాయి. తలుపు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, తట్టాడు.

లోపల ఏ చప్పుడూ లేదు. పీట గీసుకున్న చప్పుడు కూడా లేదు, ఉండదు. బెత్తెడు సందు, గొలుసు, కన్ను. ఆ కంటి వెనక, గది మధ్యలో పెట్టె మీద కూర్చున్న మేనకోడలు కనిపించింది. తల్లిని ఎంత బతిమాలిందో ఆ మొహమే చెబుతోంది. ఆయన్ని చూసి, రెండు చేతులూ ఎత్తి దించేసింది.

"నాన్న గడియారం ఎక్కడ దాచావు?"

"ఉప్పు జాడీలో."

కన్ను కదల్లేదు. "అందరూ అదే అంటున్నారు," అంది.

ఆయన తలుపుకి దగ్గరగా జరిగాడు. గొంతు తగ్గించాడు. ఈ ఏడాదిలో ఆ తలుపు దగ్గర గొంతు తగ్గించడం అదే మొదటిసారి.

"ఉప్పు జాడీలో అక్కా. అడుగున, చెయ్యి మోచేతి దాకా పెట్టి దాచాను. చేతి మీద గీతలు పడ్డాయి, మంట పుట్టింది. నువ్వు చూశావు. ఎందుకురా అన్నావు. నాన్న వెళ్ళకూడదని అన్నాను. ఎవరికీ చెప్పకు, నేను చెప్తాలే అన్నావు."

కింద వీధిలో కారు తలుపు మూసిన చప్పుడయింది. తరవాత గొలుసు జారింది.

అక్క తలుపు పూర్తిగా తీసి, పక్కకి జరిగి, ఆయన మొహంలోకి తేరిపార చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"మీరు సరిగ్గా చెప్పారు," అంది. "వాడే పంపించాడా మిమ్మల్ని?"

మేనకోడలు లేవబోయింది. ఆయన చేత్తో వారించాడు.

"అవును," అన్నాడు. "వాడే పంపించాడు."

"రాలేకపోయాడా?"

"పని ఉంది."

"వాడికి ఎప్పుడూ పనే. కాళ్ళు పీకుతాయని చెప్పడు గానీ నాకు తెలుసు, అడుగుల చప్పుడులో తెలుస్తుంది." అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, ప్రయాణానికి సిద్ధంగా. "విసుక్కుంటాడు గానీ మనసులో ఏమీ ఉండదండీ వాడికి. వస్తే చెప్పండి, చాలాసేపు కూర్చున్నానని. చీకటి పడుతుందని వెళ్ళానని."

"చెప్తాను."

"మరిచిపోకండి."

"మరిచిపోను."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకునే మెట్లు దిగింది, పరాయివాడి మీద ఎక్కువ బరువు వేయకూడదన్నట్టు, వేళ్ళ చివరలతో. ఒక్కో మెట్టుకీ ఆగింది. టైలరమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుని గోడకి అతుక్కుని దారి ఇచ్చింది. అల్లుడు పెట్టెలు వెనక పెట్టి మూత వేశాడు. మేనకోడలు ఆయన భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి, తల్లి పక్కన ఎక్కి కూర్చుంది. అక్క అద్దం కిందికి దించమని అడిగింది.

"మీకు శ్రమ ఇచ్చాం," అంది ఆయనతో.

"శ్రమేం లేదు," అన్నాడు ఆయన.

కారు సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తిరిగాక కూడా కాసేపు నిలబడ్డాడు. ఫోను మోగితే చూశాడు. ఎవరూ పిలవలేదు, బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పడానికి మోగింది.

మూడు అంతస్తులూ ఎక్కి వచ్చేసరికి తలుపు అలాగే బార్లా తెరిచి ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. గొలుసు గడప పక్కన కొక్కెం నుంచి ఊరికే వేలాడుతోంది. దాని కిందే, తలుపు తీసినప్పుడు తగలకుండా ఒక పక్కకి జరిపి, గుమ్మం వైపే ముఖం పెట్టి, నాలుగు కాళ్ళకీ గుడ్డ మేజోళ్ళు తొడుక్కుని పీట ఉంది.